పగలు మాడ్చిన కడుపే రాత్రి అడుగుతుంది

ప్రశ్న:

నమస్తే మేడమ్. నాకు 20 ఏళ్లు. హైదరాబాద్‌లో బీటెక్ థర్డ్ ఇయర్ చదువుతూ ప్రైవేట్ హాస్టల్లో ఉంటున్నాను. ఏడాది కిందట మా అక్క పెళ్లి ఫొటోలు చూసి మా పిన్ని "హాస్టల్ తిండి బాగా ఒంటబట్టినట్టుందే" అంది. అందరూ నవ్వారు. అప్పట్నుంచి నోరు కట్టుకోవడం మొదలుపెట్టాను. ముందు శనివారం ఉపవాసం అన్నాను, తర్వాత సోమవారం, గురువారం కూడా. ఇప్పుడు పొద్దున బ్లాక్ కాఫీ, మధ్యాహ్నం ఒక యాపిల్, అంతే. కానీ రాత్రి పదకొండు దాటాక నా చేతిలో ఉండటం లేదు. బిర్యానీ పార్సిల్ తెప్పించుకుని టెర్రస్ మీద ఒక్కదాన్నే కూర్చుని తింటాను. అమ్మ పంపిన జంతికల డబ్బా ఒక్క రాత్రిలో ఖాళీ చేశాను. తిన్నాక నా మీద నాకే అసహ్యం వేసి, రెండు నెలలుగా వారానికి రెండు మూడుసార్లు బాత్రూంలో వాంతి చేసుకుంటున్నాను. జుట్టు ఊడుతోంది. మూడు నెలలుగా పీరియడ్స్ రాలేదు. బరువు మాత్రం పెద్దగా తగ్గలేదు, అందుకే ఎవరికైనా చెబితే నవ్వుతారని భయం. ఇది జబ్బా, లేక నాకు కంట్రోల్ లేదా? డైటీషియన్ దగ్గరికి వెళ్లాలా, సైకియాట్రిస్ట్ దగ్గరికా? ఇంట్లో తెలిసిపోతుందా? నా దగ్గర పెద్దగా డబ్బుల్లేవు. సంక్రాంతికి ఇంటికి వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉంది. దయచేసి ఒక మంచి డైట్ ప్లాన్ చెప్పండి.

— పేరు వద్దు, హైదరాబాద్

జవాబు:

అమ్మాయ్, డైట్ ప్లాన్ మాత్రం ఇవ్వను. నువ్వు అడిగినవాటిలో అదొక్కటే నీకు పనికిరానిది. ఏడాదిగా నువ్వు డైట్‌లోనే ఉన్నావు, ఈ ఉత్తరం దాని ఫలితమే. ఈ జవాబులో ఎక్కడా క్యాలరీల లెక్కలు గానీ కిలోల లెక్కలు గానీ రాయకపోవడం కూడా కావాలనే. అలాంటి అంకె ఒకటి కనిపిస్తే నీలాంటి స్థితిలో ఉన్నవాళ్లు మిగతాదంతా వదిలేసి దాన్నే పట్టుకుంటారు. కాలేజీలో కౌన్సెలింగ్ గదిలో చాలా ఏళ్లు కూర్చున్నదాన్ని, ఆ పట్టు ఎంత గట్టిగా ఉంటుందో చూశాను.

ముందు కంట్రోల్ సంగతి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో ఆకలితో చిక్కి శల్యమైన యూరప్ జనానికి మళ్లీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. ఆరోగ్యంగా, మనసు నిబ్బరంగా ఉన్న 36 మంది యువకుల్ని ఎంచుకుని ఆరు నెలలు అరకడుపు తిండి పెట్టారు. కొన్ని వారాలకే వాళ్లకు తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంటలంటే ఏనాడూ ఆసక్తి లేని మగపిల్లలు వంటల పుస్తకాలు తెచ్చుకుని చదివేవారు. పళ్లేలు నాకేవారు. చదువు తలకెక్కేది కాదు. చిన్నమాటకే చిరాకు, ఎప్పుడూ చలి. కొందరు దొంగచాటుగా తినేసి, ఆ తర్వాత కుమిలిపోయారు. కడుపునిండా పెట్టడం మొదలయ్యాక కూడా కొందరికి ఎంత తిన్నా తీరేది కాదు, పొట్ట నిండినా ఆకలి నిండలేదని చెప్పారు.

వాళ్లలో ఎవరినీ ఏ పిన్నీ ఏమీ అనలేదు. తిండి తగ్గితే మనిషి శరీరం, మెదడు చేసే పనే అది. పొద్దున కాఫీ, మధ్యాహ్నం యాపిల్‌తో సరిపెట్టిన ఒళ్లు రాత్రి పదకొండింటికి బిర్యానీ అడగకపోతే ఆశ్చర్యపోవాలి. నీకు కంట్రోల్ లేదని నువ్వంటున్నావు. ఏడాదిపాటు క్లాసులు, ల్యాబులు, మిడ్‌లు అన్నీ అరకడుపుతో లాక్కొచ్చిన పిల్లకు కంట్రోల్ లేదంటే నేను ఒప్పుకోను. నీకు తక్కువైంది అన్నం.

ఇక జబ్బా కాదా అంటావా. అతిగా తినేయడం, దాన్ని వదిలించుకోవడానికి వాంతి చేసుకోవడమో ఉపవాసాలుండటమో చేయడం, మళ్లీ తినేయడం, ఈ చక్రానికి వైద్యంలో బులీమియా నెర్వోసా అని పేరుంది. 1979లో లండన్‌లో జెరాల్డ్ రస్సెల్ అనే సైకియాట్రిస్ట్ దీన్ని వర్ణించి ఆ పేరు పెట్టాడు. నీకున్నది అదేనని ఉత్తరం చూసి తేల్చే అర్హత నాకు లేదు, అది డాక్టరు చెప్పాలి. కానీ ఒక్క విషయం ఇప్పుడే తెలుసుకో: ఈ జబ్బున్నవాళ్లలో చాలామంది సన్నగా ఉండరు. అందరిలాగే ఉంటారు. అందుకే ఇంట్లోవాళ్లు, రూమ్మేట్లు, ఒక్కోసారి డాక్టర్లు కూడా పోల్చుకోలేరు. బరువు తగ్గలేదు కాబట్టి జబ్బు కాదనుకోవడం, దగ్గు లేదు కాబట్టి జ్వరం రాలేదనుకున్నట్టే. మగపిల్లలకు రాదని కూడా అనుకోవద్దు. జిమ్ముకెళ్తూ ప్రొటీన్ పౌడరు తప్ప మరేదీ ముట్టకుండా, వారానికోసారి 'చీట్ డే' పేరుతో వాంతి అయ్యేదాకా తినే కుర్రాళ్లు నీ కాలేజీలోనూ ఉంటారు. వాళ్లను చూసి 'క్రమశిక్షణ' అని మెచ్చుకుంటారు, అంతే తేడా.

అన్నింటికంటే ముందు వాంతుల సంగతి చూడాలి. నిన్ను భయపెట్టాలని కాదు, తెలియకపోతే నష్టం నీకే. తరచూ వాంతి చేసుకుంటే ఒంట్లో పొటాషియం పడిపోతుంది. గుండె లయ తప్పకుండా కొట్టుకోవాలంటే ఆ పొటాషియం కావాలి. బయటికి ఏమీ కనిపించకుండానే లోపల తగ్గిపోతుంది. పొట్టలోని ఆమ్లం పళ్లమీది ఎనామిల్‌ను తినేస్తుంది. వాంతి అయిన వెంటనే బ్రష్ చేయాలనిపిస్తుంది గానీ చేయకు, మెత్తబడిన ఎనామిల్ ఇంకా అరిగిపోతుంది. మంచినీళ్లతో పుక్కిలించి ఓ అరగంట ఆగు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మాటిమాటికీ వాంతి చేసుకునేవాళ్లకు చెవుల కింద లాలాజల గ్రంథులు ఉబ్బుతాయి. దాంతో చెంపలు బూరెల్లా కనిపిస్తాయి. అద్దంలో అది చూసి 'మొహం లావైంది' అనుకుని తిండి ఇంకా తగ్గించేస్తారు. నీ అద్దం కూడా అలాగే మోసం చేస్తోందేమో, డాక్టరుకు చూపించు. విరేచనాల మాత్రలు ఇంకా మొదలుపెట్టకపోతే మంచిదే. తిన్నది చిన్నపేగులోనే ఒంటికి పట్టేస్తుంది. ఆ మాత్రలు పనిచేసేది ఆ తర్వాత, పోయేది నీళ్లూ లవణాలే.

కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడదడలాడినా, వాంతిలో రక్తం కనిపించినా, మంచినీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు. 108కి ఫోన్ చేసి క్యాజువాల్టీకి వెళ్లు. అర్ధరాత్రయినా సరే, హాస్టల్ గేటు వేసేశారని ఆగకు, వార్డెన్‌ను నిద్రలేపు. 'బతకడమెందుకు' అనిపించే రాత్రులుంటే వాటినీ ఇంతే సీరియస్‌గా తీసుకో.

ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలన్న నీ అసలు ప్రశ్న. డైటీషియనా సైకియాట్రిస్టా అని అడిగావు. వరసగా చెప్తాను.

మొదట మామూలు ఫిజీషియన్ దగ్గరికి వెళ్లు, ఈ వారంలోనే. బ్లడ్ పిక్చర్, ఎలక్ట్రోలైట్లు (ఒంట్లోని లవణాలు), థైరాయిడ్, ఐరన్, బి12 పరీక్షలు, ఒక ఈసీజీ చేయించమంటారు. జుట్టు రాలడానికి ఐరన్ తక్కువ కావడం కూడా కారణం కావచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే డైటింగ్ చేయకముందే మన పిల్లల్లో సగం మందికి పైగా రక్తం తక్కువ. దానిమీద నీ బ్లాక్ కాఫీ.

డబ్బు గురించి బెంగ వద్దు. హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాల్లో డాక్టరు ఉచితంగా చూస్తారు, రక్తపరీక్షలకు శాంపిల్ కూడా అక్కడే తీసుకుంటారు. ఈసీజీకి ప్రభుత్వాసుపత్రి ఓపీకి వెళ్తే చాలు. పొద్దున్నే వెళ్లు, మధ్యాహ్నానికి ఓపీ అయిపోతుంది.

అక్కడ ఒక చోట జాగ్రత్తగా ఉండాలి. పీరియడ్స్ రావట్లేదని మాత్రమే చెబితే స్కానింగ్ రాసి, 'పీసీఓడీ ఏమో, కాస్త బరువు తగ్గమ్మా' అని పంపేసే ప్రమాదం ఉంది. మన ఊళ్లలో ఈ మాట ఎంతమంది ఆడపిల్లలకు చెబుతారో నీకు తెలుసు. పీసీఓడీ అంటే అండాశయాల్లో నీటితిత్తుల సమస్య, అది ఉన్నా ఉండొచ్చు. కానీ తిండి మానేయడం వల్ల కూడా పీరియడ్స్ ఆగిపోతాయి, ఆ సంగతి డాక్టరుకు తెలియకపోతే నీ జబ్బుకు ఆయన చేత్తోనే ఆజ్యం పోసినట్టవుతుంది. కాబట్టి దాచకు. గదిలో కూర్చున్నాక నోరు పెగలకపోతే ముందే కాగితం మీద రాసుకుని వెళ్లి చేతికివ్వు. ఇలా రాస్తే చాలు: 'ఏడాదిగా సరిగా తినడం లేదు. రాత్రిళ్లు ఆపుకోలేకుండా తింటున్నాను. వారానికి రెండు మూడుసార్లు కావాలని వాంతి చేసుకుంటున్నాను. మూడు నెలలుగా పీరియడ్స్ లేవు. నా బరువు నాకు చెప్పకండి.' ఆఖరి వాక్యం కూడా రాయి. బరువు చూడాల్సి వస్తే కాటా మీద వెనక్కి తిరిగి నిలబడతానని అడగొచ్చు, తప్పేం లేదు.

కౌన్సెలింగ్ గదికి వచ్చే పిల్లల్లో 'నాకు తిండి సమస్య ఉంది' అని మొదలుపెట్టినవాళ్లు బహు తక్కువ. ఒకమ్మాయి జుట్టు రాలుతోందని వచ్చింది, ఇంకొకరు నిద్ర పట్టట్లేదని, మరొకరు మిడ్‌లో మార్కులు తగ్గాయని. మాటల్లో మాటగా 'పొద్దున ఏం తిన్నావు' అని అడిగితే కళ్లు కిందికి దించేసేవారు. నువ్వు తిన్నగా రాశావు, సగం పని అయిపోయింది.

రెండోది మనసు వైద్యం. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత పీజీ చేసిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, మాటలతోనే వైద్యం చేస్తారు. వాళ్లకు ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడుగు, అడిగితే నొచ్చుకునేవాళ్లు ఆ కుర్చీకి తగరు. బులీమియాకు బాగా పనిచేస్తుందని తేలిన చికిత్స కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, సీబీటీ అంటారు. వారానికో సెషన్ చొప్పున సుమారు 20 సెషన్లు ఉంటుంది. అందులో మొదటి మెట్టు ఏంటో తెలుసా? రోజూ వేళకు తినడం. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య నాలుగు గంటలకు మించి ఖాళీ ఉండకూడదు. పగలు కడుపు నిండితే రాత్రి దాడి దానంతటదే బలహీనపడుతుంది. కొందరికి ఫ్లూఆక్సెటిన్ లాంటి మందు కూడా రాస్తారు. అది మత్తుమందు కాదు, నిద్రమాత్ర కాదు. డాక్టరు చెప్పకుండా మధ్యలో ఆపేయకుండా ఉంటే చాలు.

సైకియాట్రిస్ట్ అనగానే మనవాళ్ల నోట 'ఎర్రగడ్డ' అనే మాట వచ్చేస్తుంది. అక్కడి మానసిక వైద్యశాలకు వెళ్లడంలో నామోషీ ఏమీ లేదు. అయినా నీకు అక్కడికి వెళ్లడం ఇబ్బందైతే ఉస్మానియా, గాంధీ లాంటి జనరల్ ఆసుపత్రుల్లోనే సైకియాట్రీ ఓపీ ఉంది. ఆ వరసలో నిలబడినవాళ్లు కంటి డాక్టరు కోసం వచ్చారో నీలా వచ్చారో ఎవరూ పట్టించుకోరు.

అదీ కష్టమనిపిస్తే ఇవాళే, హాస్టల్ టెర్రస్ మీదినుంచే మొదలుపెట్టు. 14416. అది టెలీ మానస్. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ, 24 గంటలూ ఉంటుంది. తెలుగు ఎంచుకుంటే తెలుగులోనే మాట్లాడతారు. మొదట కౌన్సెలర్ వింటారు, అవసరమైతే పైన సైకియాట్రిస్ట్‌కు కలుపుతారు, దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. బిర్యానీ ఆర్డర్ పెట్టే ఆ పదకొండు గంటల వేళకు ఫోన్ చేసినా ఎత్తుతారు.

కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారా? అడిగి చూడు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశం మొత్తానికీ మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్ట్‌నో సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలని అందులో ఉంది. మీ కాలేజీలో వందకు ఎన్ని రెట్లున్నారో లెక్కేసుకో. ఉత్తుత్తి బోర్డు తగిలించి, ఇంగ్లిష్ లెక్చరర్‌నే కౌన్సెలర్ అనే కాలేజీలూ ఉన్నాయి. అలాగైతే ఆ మేడమ్ మంచివారే అయినా ఈ విషయానికి చాలరు, దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్లడానికి మాత్రం అక్కరకొస్తారు. ఇంకో చిన్న మాట, కౌన్సెలింగ్ గదిని ప్లేస్‌మెంట్ సెల్ పక్కన పెట్టే ప్రిన్సిపాళ్లకు దండం పెట్టి చెబుతున్నాను, వరండాలో నలుగురు చూస్తుండగా ఏ పిల్లా ఆ తలుపు తట్టదు.

మూడోది డైటీషియన్. వీళ్ల అవసరం తప్పకుండా ఉంది, కాకపోతే మొదటి ఇద్దరితో కలిసి పనిచేసేవాళ్లు కావాలి. రిజిస్టర్డ్ డైటీషియన్ అయితే పేరు వెనకాల ఆర్‌డీ అని ఉంటుంది. 'నాకు ఈటింగ్ డిజార్డర్ ఉండొచ్చు, బరువు తగ్గే ప్లాన్ వద్దు, వేళకు తినడం నేర్పండి' అని ముందే చెప్పు. విన్నాక కూడా టేపు తీసి నడుము కొలవబోతే లేచి వచ్చేయ్. హాస్టళ్లు ఎక్కువున్న వీధుల్లో 'న్యూట్రిషన్ సెంటర్' అని బోర్డు పెట్టి, పొద్దున్నే షేక్ తాగించి, పదిమంది ముందు కాటా ఎక్కించి చప్పట్లు కొట్టిస్తారు చూడు, వాటి ఛాయలకు పోవద్దు. ఇన్‌స్టాగ్రామ్‌లో 'రోజంతా నేనేం తింటాను' అని చూపించేవాళ్లనూ కొన్నాళ్లు అన్‌ఫాలో చేసేయ్.

ఇంట్లో తెలిసిపోతుందా అన్నావు. నీకు 18 దాటాయి. వైద్యానికి ఒప్పుకోవాల్సింది నువ్వే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచే హక్కు నీకిచ్చింది. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప నీ డాక్టరు మీ నాన్నకు ఫోన్ చేసి చెప్పేయరు. మొదటిరోజే 'మీరు ఎవరికి చెబుతారు, ఎప్పుడు చెబుతారు' అని అడిగి తెలుసుకో, ఆ భయం అక్కడికక్కడే తీరిపోతుంది.

చట్టం సంగతి అలా ఉంచితే, అమ్మకు నువ్వే చెప్పుకుంటే మంచిదని నా అభిప్రాయం. ఇవాళే కాదు. పరీక్షలు అయి, డాక్టరును ఒకసారి కలిశాక. ఫోన్లో 'అమ్మా, నాకు ఒంట్లో బాలేదు, తిండి దగ్గర తేడా వచ్చింది, డాక్టరుకు చూపించుకుంటున్నాను' అని చెప్పు. చాలామంది అమ్మలు మొదట ఏడుస్తారు, తర్వాత దిష్టి తీస్తామంటారు, ఆ తర్వాత డబ్బులు పంపిస్తారు. 'లంఖణం పరమౌషధం' అన్నారు కదా అని ఎవరైనా అడ్డం పడితే, అది జ్వరానికో అజీర్తికో చెప్పిన మాట అని చెప్పు. నీ శనివారాలు, సోమవారాలు, గురువారాలు కూడా ఇప్పటికి చాలించు. జబ్బుపడ్డవాళ్లకు ఉపవాసం లేదని మీ ఇంట్లో పెద్దవాళ్లనడిగినా ఒప్పుకుంటారు. ఆ ఉపవాసాలు దేవుడి కోసం మొదలైనవి కావని ఆయనకూ తెలుసు, నీకూ తెలుసు.

అపాయింట్‌మెంట్ దొరికేలోపు ఏం చేయాలి? రేపు పొద్దున టిఫిన్ తిను. హాస్టల్లో ఇడ్లీ ఉంటే ఇడ్లీ, ఉప్మా ఉంటే ఉప్మా, అందరూ తిన్నంత. సాంబారు నీళ్లలా ఉంటే దాంతోపాటు ఒక ఉడికించిన గుడ్డు కూడా తిను. మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, పెరుగు. యాపిల్ తిను, కానీ అన్నం తిన్నాక తిను. సాయంత్రం నాలుగున్నరకు ల్యాబ్ అయ్యేసరికి బ్యాగులో ఒక అరటిపండో, పల్లీపట్టీయో, గుప్పెడు వేయించిన శనగలో ఉండాలి. రాత్రి ఎనిమిదింటికి మళ్లీ భోజనం. మొదటివారం పొట్ట ఉబ్బినట్టుంటుంది, మలబద్ధకం ఉంటుంది, 'లావైపోతున్నాను' అనిపిస్తుంది. ఆకలికి అలవాటుపడిన పేగులు మళ్లీ పనిలో పడటానికి కాస్త టైం తీసుకుంటాయి. ఆ వారం దాటించడమే కష్టం. ఇది నీలా పూర్తిగా ఆగిపోకుండా తింటున్నవాళ్లకు చెబుతున్న మాట. చాలా రోజులుగా దాదాపు ఏమీ తినకుండా ఎముకలు తేలినవాళ్లు మాత్రం ఒక్కసారిగా తినడం మొదలుపెట్టకూడదు, అది డాక్టరు పర్యవేక్షణలోనే జరగాలి.

ఒక రాత్రి మళ్లీ పార్సిల్ తెప్పించుకుంటావు. మళ్లీ వాంతి కూడా అవుతుందేమో. అయితే అయింది. మర్నాడు పొద్దున టిఫిన్ మాత్రం మానొద్దు. రాత్రి ఎక్కువైందని పొద్దున మానేసిన క్షణాన చక్రం మళ్లీ తిరగడం మొదలవుతుంది. ఈ మొత్తం జవాబులో ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటానంటే ఇదే పెట్టుకో.

రూమ్మేట్లలో నమ్మకమైన పిల్ల ఒకతి ఉంటే ఆమెకు ఒక్క పని అప్పజెప్పు. రాత్రి భోజనం అయ్యాక అరగంటో ముప్పావుగంటో నీతో కూర్చోమను. లూడో ఆడండి, అసైన్‌మెంట్ రాసుకోండి, సీనియర్ల గురించి చెప్పుకోండి. నువ్వెంత తిన్నావో చూడటం, బాత్రూం తలుపు దగ్గర కాపలా కాయడం ఆమె పని కాదు, అలా చేస్తే మీ స్నేహం రెండు వారాల్లో చెడుతుంది. రూంలో బరువు చూసే మెషీన్ ఉంటే వార్డెన్‌కు ఇచ్చేయ్.

వార్డెన్ అంటే గుర్తొచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, రోజువారీ తిండిలో బియ్యం, గోధుమ లాంటి ధాన్యాల వాటా తగ్గించి, పప్పులు, గుడ్లు, మాంసం, కూరగాయలు పెంచాలని చెప్పింది. ఇది నీకోసం చెప్పిన మాట కాదు, నువ్వు చదవనట్టే ఊరుకో. పళ్లెం నిండా అన్నం పోసి దానిమీద పప్పుచారు చూపించే హాస్టల్ యజమానులకు చెబుతున్నాను. ఆ సంస్థ ఉన్నది కూడా ఇదే హైదరాబాద్‌లో. పిల్లలంతా కలిసి అడిగితే రోజూ ఒక గుడ్డు, రెండో కూర సాధించుకోవడం అంత కష్టమేం కాదు.

ఇక సంక్రాంతి. ఇంటికి వెళ్లు. అరిసెలు, సకినాలు, జంతికలు, పిన్ని, అందరూ ఉంటారు. వెళ్లేముందే అమ్మకు రెండు మాటలు చెప్పి ఉంచు: నా ఒళ్లు గురించి ఎవరినీ ఏమీ అననివ్వకు, లావయ్యావనీ అనొద్దు, సన్నబడ్డావు బావున్నావనీ అనొద్దు. రెండోది మెచ్చుకోలులా వినిపిస్తుంది గానీ నీకు మొదటిదానికన్నా ఎక్కువ చేటు చేస్తుంది. అయినా పిన్ని ఊరుకోదనుకో, 'పిన్నీ, ఒంట్లో బాలేక డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను, నా బరువు మాట ఎత్తొద్దని ఆయన చెప్పారు' అను. డాక్టరు పేరు చెబితే మనవాళ్లు దేనికైనా తగ్గుతారు. పండగ పూట పిండివంటలు అందరితో కలిసి, పళ్లెంలో పెట్టుకుని, భోజనంతోపాటు తిను. ఎవరూ చూడకుండా డబ్బా దగ్గర నిలబడి మాత్రం తినకు. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం వేళలు పండగైనా మారకూడదు.

బస్సెక్కేముందు డాక్టరు దగ్గర తర్వాతి తేదీ ఖాయం చేసుకుని ఫోన్లో రాసుకో, పండగ తర్వాత ఒక వారంలోపే ఉండేలా చూసుకో. ఊళ్లో ఉండగా ఏదైనా రాత్రి ఇబ్బందిగా అనిపిస్తే 14416 అక్కడినుంచీ పనిచేస్తుంది.